ట్వైలా టీచరమ్మ సంతకం

ట్వైలా టీచరమ్మను పూడ్చిన రోజున చర్చి కింద హాల్లో భోజనాలు పెట్టారు. హామ్, బంగాళాదుంపల సలాడ్, బీట్‌రూట్ నీళ్ళలో ఊరి ఎర్రబడ్డ గుడ్లు, చివర బల్ల నిండా యాపిల్ పైలు. అందరి పళ్ళేలూ నిండాక ఫర్న్ డిల్లింగ్ లేచి నిలబడింది. చేతిగుడ్డతో కళ్ళొత్తుకుని, "మన ట్వైలా మనసు వెన్న. ఒకర్ని పల్లెత్తు మాట అనేది కాదు" అంది.

నా నోట్లో ఉన్న గుడ్డు గొంతుకు అడ్డం పడింది.

పల్లెత్తు మాట అనేది కాదట! ఈ లోయలో ఆవిడ తిట్లు తినని ఇల్లు ఒక్కటి చూపించండి, నేను నోరు మూసుకుంటాను. ఫర్న్‌నే ఆవిడ ముఖం మీద "తేనె పూసిన రబ్బరు స్టాంపు" అంది. ఆ మాట విన్నవాళ్ళు ఆ హాల్లో సగం మంది ఉన్నారు. అందరూ తల ఊపుతూ హామ్ తిన్నారు. బతికున్నప్పుడు మనిషిని గయ్యాళి అన్నారు. పోయాక వెన్న అంటున్నారు. ఉన్నదున్నట్టు చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. నాకు ఒళ్ళు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

ట్వైలా కాన్ఫర్ ఈ లోయలోనే, ఏటికి ఎగువన ఉన్న పాల పొలంలో పుట్టింది. ఊళ్ళో బడిలో చాలా ఏళ్ళు అయిదో తరగతికి చెప్పింది. ఒక ఏడాది పెద్ద మాస్టారు ఒక పిల్లవాణ్ణి పాస్ చేయమన్నాడు. "వాడికి గడియారం చూడ్డం కూడా రాదండీ, నేనెలా పాస్ చేస్తాను?" అంది ఈవిడ. "అందరూ చేస్తున్నట్టే" అన్నాడాయన. తరగతి గది తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టి, కోటు వేసుకుని, మధ్యాహ్నం కాకుండానే ఇంటికి వచ్చేసింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

బడి మీద కోపంతో వచ్చేసింది కదా అని, పిల్లల్ని ఇళ్ళల్లోనే చదివించుకునే మేమంతా సంబరపడ్డాం. మా మనిషే అనుకున్నాం. మా పెన్సిల్వేనియాలో పిల్లల్ని ఇంట్లో చదివించుకోవచ్చు గానీ, ఏడాది చివర ఒక టీచరు పిల్లతో మాట్లాడి, ఫైలు చూసి, చదువు సాగుతోందని సంతకం పెట్టాలి. జూన్ ఆఖరులోగా ఆ కాగితం బడి ఆఫీసుకు చేరకపోతే తంటా. ట్వైలా ఆ సంతకాలు పెట్టడానికి ఒప్పుకుంది. రెండేళ్ళు తిరిగేసరికి మాకు అర్థమైంది, ఆవిడ మా మనిషీ కాదు, బడి మనిషీ కాదు. పిల్లల మనిషి. అంటే మా అందరికీ గండమే.

నేను ఆవిడ ఇంటికి ఎదురిల్లు. నా ముగ్గురు పిల్లలూ ఆవిడ చేతి కింద నుంచే బయటపడ్డారు. వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక కూడా ప్రతి మే నెలలోనూ ఆవిడ వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తూ, వచ్చిన తల్లులకు కాఫీ పోస్తూ, లోపల తిట్లు పడుతుంటే బయట బుజ్జగించడం నా పని. ఆవిడ మొగుడు ఆర్వీ ట్రాక్టర్లు బాగుచేసేవాడు. చెవిలో మిషను పెట్టుకునేవాడు. పెళ్ళాం గొంతు లేవగానే మిషను తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. "ఇంకేం, నా మాటలు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే" అని ఆవిడ అరిచేది. ఆయన నవ్వి "కాఫీయా? ఆ, కొంచెం పొయ్యి" అనేవాడు.

తల్లులు ఫైళ్ళు ఎలా తయారుచేసేవారో చూడాలి! రంగురంగుల అట్టలు, ప్లాస్టిక్ తొడుగులు, మ్యూజియంలో తీసిన ఫొటోలు, ఎండిన ఆకులు అంటించిన పేజీలు. ట్వైలా ఆ ఫైలు పక్కకు నెట్టేసేది. "ఇది నువ్వు చేసింది. నీకెన్ని మార్కులు కావాలంటే అన్ని వేస్తా. ఇప్పుడు పిల్లని కూర్చోబెట్టు" అనేది. పిల్లతో అరగంట మాట్లాడేది. దాణా సంచీ మీద రాసింది చదవమనేది. యాపిల్ పై చేయడానికి కావలసిన పిండి లెక్క కట్టమనేది. పిల్లల మీద మాత్రం ఎప్పుడూ గొంతు లేపలేదు. ఆ లేపాల్సింది తల్లి కోసం దాచిపెట్టేది.

నచ్చనివాళ్ళకు ఫర్న్ డిల్లింగ్ ఉండనే ఉంది. ఆవిడా టీచరు చదువు చదివిందే. ఆవిడ దగ్గరికి వెళితే పిల్ల చేతికి బిస్కెట్టు, తల్లికి "ఎంత ఓపికమ్మా నీకు!" అన్న మాట, కాగితం మీద సంతకం. ఇరవై నిమిషాల్లో బయటికి రావచ్చు. పైన పటారం, లోన లొటారం అయినా ఆవిడకు పటారం చాలు.

ఇక లవోన్ సంగతి. లవోన్ నా ఆడపడుచు, నా మొగుడి చెల్లెలు. అయిదుగురు పిల్లలు, మేకల మంద, జున్ను తయారీ. మొగుడు మెర్ల్ లారీ మీద వారానికి అయిదు రోజులు రోడ్ల మీదే. మనిషి కష్టజీవి, అందులో మాటలేదు. పెద్దవాడు సైలస్ బడి ఈడుకొచ్చినప్పుడు, పొరుగూరి పెద్ద హాల్లో ఇంటిచదువుల సంత జరిగితే వెళ్ళింది. అక్కడ మెడకు టై కట్టుకున్న ఒకాయన వేదికెక్కి, "తల్లి ప్రేమ, మా పెట్టె. ఈ రెండూ చాలు. తెరవండి, చదివించండి, అంతే!" అన్నాడట. నూట యాభై మంది తల్లులు చప్పట్లు. లవోన్ కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆ పెట్టె కొనుక్కుని వచ్చింది. ఏడాదికొక పెట్టె, అందులో లెక్కల వర్క్‌బుక్కులు, భాష వర్క్‌బుక్కులు, జవాబుల పుస్తకం. ఆ టై ఆయన మేకల్ని పితకడు. అయిదుగురికి అన్నం పెట్టడు. ఆయనకు అంతే అని చెప్పడం తేలిక.

ఇప్పుడు మా వాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. మేం దేన్నీ పారేయం. కోటు పెద్దదాని నుంచి చిన్నదానికి వస్తుంది, బూట్లు వస్తాయి, సైకిల్ వస్తుంది. వర్క్‌బుక్కులూ అంతే. పిల్లలు పెన్సిల్‌తోనే రాయాలి. వేసవి రాగానే తల్లి వంటింటి బల్ల దగ్గర కూర్చుని, రబ్బరుతో పేజీ పేజీ చెరిపి, తుడిచి, తరవాతి పిల్ల కోసం అటక మీద పెడుతుంది. లవోన్ ఈ పనిలో దిట్ట. పేజీ చిరగకుండా, మసి కాకుండా చెరిపేది. చర్చిలో ఆడవాళ్ళు ఆ పుస్తకాలు తిప్పి చూసి "కొత్తవే అనుకున్నాం!" అనేవాళ్ళు. దాని ఏప్రన్ జేబులో ఎప్పుడూ ఒక గులాబీరంగు రబ్బరు ఉండేది.

ఆ పుస్తకాలు సైలస్ రాశాడు, తరవాత జెరూషా రాసింది, తరవాత మీకా రాశాడు. ముగ్గురివీ చెరిపాక నాలుగో పిల్ల కెతూరాకు వచ్చాయి. కెతూరా ముందు ఏడాదుల్లో ఫర్న్ దగ్గరికే వెళ్ళేది. ఆ మే నెలలో ఫర్న్‌కు మోకాలి ఆపరేషను అయింది. "వదినా, ఈసారికి మీ టీచరమ్మ దగ్గరికే తెస్తాను. కెతూరాకి అన్నీ నూటికి నూరే కదా, ఆవిడ మాత్రం ఏమంటుంది?" అంది లవోన్. నేను సరే అన్నాను.

వచ్చారు. కెతూరాకు పదేళ్ళు. సన్నటి పిల్ల, మడమ దగ్గర వదులైన మగపిల్లల బూట్లు, భుజాల దగ్గర జారే గౌను. ఎదుటివాళ్ళ ముఖం చూసి ముందే నవ్వేసే పిల్ల. ట్వైలా ఎప్పటిలా ఫైలు పక్కకు నెట్టలేదు. భాష వర్క్‌బుక్కు మాత్రం తీసి, పిల్ల రాసిన వ్యాసం పైకే చదివింది. "మా కుక్క పేరు బస్టర్. అది రోజూ నాతో ఏటికి వస్తుంది. నీళ్ళలో దూకి రాయి తెస్తుంది."

"భలే కుక్కే. ఇవాళ తేలేదేం?" అంది ట్వైలా.

కెతూరా తల్లివైపు చూసింది. "నేను దాన్ని చూళ్ళేదండీ. నేను పుట్టకముందే చచ్చిపోయిందట."

వరండాలో ఉన్న నేను పకపకా నవ్వేశాను. లవోన్ కూడా నవ్వింది. "ఊహించి రాసిందండీ. దీనికి ఊహ ఎక్కువ" అంది. ట్వైలా నవ్వలేదు. లెక్కల పుస్తకం తెరిచింది. ముప్పావు కప్పు చక్కెరలో సగం ఎంత అన్న లెక్క ఒకటి ఉంది. దాని పక్కన ఎనిమిదింట మూడు వంతులు అని కెతూరా రాత, పైన లవోన్ అంటించిన బంగారు స్టారు. ట్వైలా పుస్తకం మూసేసి, ఒక తెల్లకాగితం తీసి, అదే లెక్క దాని మీద రాసి పిల్ల ముందు పెట్టింది. "ఏం తొందర లేదమ్మా. చెయ్యి" అంది.

కెతూరా కాగితాన్ని దగ్గరకు లాక్కుంది. తల కొంచెం పక్కకు వంచింది. తరవాత చూపుడు వేలు కాగితం మీద పెట్టి, లెక్క కింద ఖాళీగా ఉన్నచోట, మెల్లగా అటూ ఇటూ తడమడం మొదలుపెట్టింది. ఒకసారి తడిమింది. మళ్ళీ తడిమింది. కాగితం తిప్పి వెనక కూడా తడిమింది.

"ఇందులో లేదండీ" అంది.

నా చేతిలో బఠాణీ కాయ అలాగే ఉండిపోయింది. సైలస్ పెన్సిల్ పట్టాడంటే నాగలితో దున్నినట్టే. చెరిపితే నలుపు పోతుంది గానీ గాడి ఎక్కడికి పోతుంది? ఈ పిల్ల ఇన్నేళ్ళూ అన్న రాసిన గాడుల మీదే తన పెన్సిల్ నడిపింది. నామవాచకం కింద గీత గీయమంటే అన్న గీసిన గాడి మీదే గీసింది. కుక్క గురించి రాయమంటే అన్న కుక్కనే రాసింది. చదువంటే అదే అనుకుంది పాపం. దొంగతనం చేస్తున్నానని కూడా దానికి తెలియదు.

ట్వైలా పిల్లని పిలిచి, "పెరట్లోకి వెళ్ళి ఆర్వీ తాతని కోళ్ళకి నీళ్ళు పెట్టాడేమో అడుగు" అని పంపేసింది. తలుపు మూసుకున్నాక లవోన్ మీద విరుచుకుపడింది.

"నీ రబ్బరు తగలెయ్య! దీనికి నువ్వు స్టార్లు అంటించావా? ఒక్కసారైనా పక్కన కూర్చుని చూశావా, అది ఏం చేస్తోందో?"

"పిల్ల భయపడిందండీ. కొత్తచోటు కదా. ఇంట్లో అన్నీ చేస్తుంది."

"చేస్తుంది! సైలస్ చేసింది చేస్తుంది. ఇంతకీ ఆ పెట్టె సంగతి చెప్పనా? పేజీ పైన ఒక లెక్క వాళ్ళే చేసి చూపిస్తారు, కింద అలాంటివే ఇరవై. ఎందుకు అని ఒక్కచోట అడగరు. భాషలో ఖాళీలు పూరించడమే గాని, తనంతట తను నాలుగు వాక్యాలు రాసే పేజీ ఏడాదికొకటి. సైలస్ ఏదో గింజుకుని నేర్చుకున్నాడు. దీనికి ఆ గింజుకోవడం కూడా లేకుండా చేశావు నువ్వు."

లవోన్ లేచి నిలబడింది. దాని మెడ ఎర్రబడింది. "చేస్తానమ్మా, పక్కన కూర్చుంటాను! అయిదుగురు పిల్లల పక్కనా కూర్చుంటాను. మేకల్ని మీరొచ్చి పితుకుతారా? మీకు పిల్లలున్నారా? ఒక్కరున్నారా? ఏం తెలుసని మాట్లాడుతున్నారు?"

ఆ మాట అనకూడదు. అయినా అనేసింది. ట్వైలా ముఖం మారలేదు. "సంతకం పెట్టను. జూన్ ఆఖరుదాకా టైముంది. రోజూ పొద్దున్న పిల్లని పంపు, నేను చెప్తాను. లేదా ఆ ఫర్న్ మోకాలు బాగయ్యేదాకా ఆగు" అంది. లవోన్ ఫైలు చంకలో పెట్టుకుని పిల్లని చేయి పట్టుకుని లాక్కుపోయింది.

చెప్పొద్దూ, ఆ రోజు నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. లవోన్ మీద, కళ్ళు మూసుకున్నందుకు. ట్వైలా మీద, నా ఆడపడుచును కుక్కను తరిమినట్టు తరిమినందుకు. "మెల్లగా చెప్పొచ్చు కదక్కా" అన్నాను. "మెల్లగా చెప్పేవాళ్ళు మీరంతా ఉన్నారుగా, కోరీన్. ఎవరైనా చెప్పారా?" అంది. ఆ మాటతో నాకు ఇంకా కోపం వచ్చింది.

మే చివర చర్చి హాల్లో పాత పుస్తకాల సంత జరుగుతుంది. అందరూ తమ పెట్టెలు తెచ్చి బల్లల మీద పరుస్తారు, అవసరమున్నవాళ్ళు తీసుకుంటారు. లవోన్ ఆఖరి కొడుకు ఆసా కళ్ళు నలుపుకుంటూ ముఖం పుస్తకానికి ఆనించి చదువుతున్నాడని, వాడికి పెద్ద అక్షరాల పుస్తకాలు కావాలని డాక్టరు చెప్పాడు. అందుకని లవోన్ పాత వర్క్‌బుక్కులు అమ్మకానికి పెట్టింది. కెతూరావి కూడా చెరిపి మరీ పెట్టింది. కొత్తగా పెళ్ళయి మా లోయకు వచ్చిన అమ్మాయి ఒకతె, చంకలో బిడ్డ, కొంగు పట్టుకున్నట్టు గౌను పట్టుకుని వేలాడే ఇంకో చిన్నపిల్ల, ఆ బల్ల దగ్గర నిలబడి పేజీలు తిప్పుతోంది.

"ఎంత బాగా చెరిపారండీ! అసలు వాడినట్టే లేవు" అంది ఆ అమ్మాయి.

"తెరవడం, చదివించడం, అంతే" అంది లవోన్.

ఆ చిన్నపిల్ల పుస్తకం చూసి ముఖం చిట్లించింది. "నాకు లెక్కలు రావు" అంది. కెతూరా దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఎంతో ప్రేమగా దాని వేలు పట్టుకుని పేజీ మీద పెట్టింది.

"భయపడకు. ఇదిగో, ఇలా వేలితో తడిము. మెల్లగా. ఇక్కడ ఉందా? అదే జవాబు. అన్ని పేజీల్లోనూ ఉంటాయి. మా అన్నయ్య గట్టిగా రాస్తాడు, అందుకని బాగా తెలుస్తుంది."

ఆ అమ్మాయి లవోన్ ముఖం చూసింది. లవోన్ కెతూరా వేలు చూసింది. వరండాలో తను నమ్మనిది, ఇక్కడ పదిమంది ముందు కూతురి నోటి నుంచే విన్నది. మనిషి పాలిపోయింది. పక్క బల్ల దగ్గర ఉన్న ఫర్న్, కర్రకు ఆనుకుని, "ఎంత తెలివైన పిల్లో!" అంది. నిజంగా అంది. నా చెవులతో విన్నాను.

ట్వైలా ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియదు. ధరల చీటీలు రాసే నల్ల మార్కర్ అందుకుని, మూత పళ్ళతో లాగి, లవోన్ పుస్తకాల్లో మొదటిది తెరిచి పేజీకి అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకు గీసింది. తరవాత పేజీ. తరవాత పేజీ. సిరా కాగితంలోకి ఇంకి అవతలికి పోయింది. ఎవరో "ట్వైలా, మతిపోయిందా!" అని అరిచారు. పాస్టరుగారు "అమ్మా, అమ్మా" అంటూ వచ్చారు. "మీరు తప్పుకోండి. మీ ప్రసంగం మీరు ఆదివారం చెప్పుకోండి" అంది.

"ఇంకో పిల్ల చేతికి ఇవి పోనివ్వను. ఫర్న్, నువ్వు మూడేళ్ళు సంతకం పెట్టావు దీనికి. మూడేళ్ళు! తేనె పూసిన రబ్బరు స్టాంపువి. ఒక్క తెల్లకాగితం ఇచ్చి చూశావా పిల్లకి?"

ఫర్న్ ఏడ్చింది. ఆడవాళ్ళంతా ఫర్న్ చుట్టూ మూగారు. లవోన్ దగ్గరికి ఒక్కరు రాలేదు, కెతూరా దగ్గరికీ ఒక్కరు రాలేదు. ఆ పిల్ల బల్ల పక్కన అలాగే మోకాళ్ళ మీద ఉంది. తను ఏం తప్పు చేసిందో తెలియక, ముఖాన నవ్వు మాత్రం అలాగే పెట్టుకుని ఉంది.

మర్నాడు పొద్దున్నే లవోన్ కారు మా ఇంటి ముందు ఆగింది. కెతూరాను దింపింది. అద్దం దించి, నా వైపు చూడకుండానే, "వదినా, దీన్ని ఎదురింటికి నువ్వే తీసుకుపో. నేను ఆవిడ ముఖం చూడను" అంది.

"సరేలే."

"ఆవిడంటే నాకు అసహ్యం."

"నువ్వంటే ఆవిడకీ అంతే. పిల్లని మాత్రం వేళకి తెస్తూ ఉండు" అన్నాను. కారు దుమ్ము లేపుకుంటూ పోయింది.

జూన్ అంతా అలాగే గడిచింది. ట్వైలా పెట్టెల జోలికి పోలేదు. ఎండు చిక్కుడుగింజలు, కప్పు, పెద్ద చెంచా బల్ల మీద పెట్టేది. "కప్పుకి ఎన్ని చెంచాలు పడతాయో నువ్వే చూడు" అనేది. పిల్ల పోసి, లెక్కపెట్టి, కింద ఒలకబోసి, మళ్ళీ ఎత్తి, చివరికి పదహారు అనేది. ముప్పావుకి పన్నెండు. అందులో సగం ఆరు. "పదహారింట ఆరు. అంటే?" అంటే ఏమిటో దానికి మూడు రోజులు పట్టింది. ఎనిమిదింట మూడు అని దానంతట అది అన్నప్పుడు అరవలేదు, గెంతలేదు. "ఓ, సైలస్ అందుకే అలా రాశాడా!" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తరవాత రోజు నుంచి ట్వైలా తన చేత్తో లెక్కలు రాసి ఇచ్చేది. కోళ్ళ దాణా, ఆర్వీ తాత ట్రాక్టరు నూనె, స్ట్రాబెర్రీ జామ్, అన్నీ వాటిలో వచ్చేవి. సగం తప్పులే. తప్పు వస్తే చెరపనిచ్చేది కాదు. పక్కన మళ్ళీ చేయమనేది.

రాయడం దగ్గర మాత్రం బండి కదల్లేదు. ఏం రాయమన్నా కెతూరా మంచిపిల్ల వాక్యాలే రాసేది. ఆకాశం అందంగా ఉంది. పువ్వులు అందంగా ఉన్నాయి. ట్వైలా పళ్ళు నూరుకునేది, పిల్ల వెళ్ళాక నా మీద అరిచేది. ఒక రోజు పిల్లనే అడిగింది.

"నీకు కోపం ఎప్పుడొస్తుందే?"

"రాదండీ. కోపం పాపమండీ."

"నాకు రోజూ వస్తుంది. దేవుడికి నా సంగతి తెలుసు, మేం మేం చూసుకుంటాం. కోపం వచ్చిన దాని గురించి రాసుకురా. కోపంలో ఎవరూ ఇంకొకడి మాట కాపీ కొట్టరు."

"నాకు రాకపోతే?"

"వస్తుంది. కాస్త వెతుకు."

రెండు వారాలు వెతికింది. ఖాళీ కాగితం తెచ్చేది. ట్వైలా దాన్ని తిరిగి పిల్ల చేతికే ఇచ్చేది. నాకే ఓపిక పోయింది. ఈలోగా ఫర్న్ మోకాలు బాగైందని, ఎవరైనా వస్తే సంతకం పెడతానని చర్చిలో చెప్పించింది. లవోన్‌కు ఆ కబురు నేనే చేరవేశాను. అది పితికిన పాలు వడకట్టుకుంటూ ఉండిపోయింది.

జూన్ ఆఖరి రోజున లవోన్ మొదటిసారి కారు దిగింది. ఆసాను చేయి పట్టుకుని, నా వెనకే ట్వైలా వరండాలోకి వచ్చింది. ఉక్కపోత, ఈగలు. బల్ల దగ్గర కెతూరా కూర్చుని ఉంది. ట్వైలా ఒక కాగితం తీసి లవోన్ ముందు పెట్టింది. "చదువు. పైకి చదువు" అంది.

లవోన్ చదవడం మొదలుపెట్టింది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, కొట్టివేతలు చాలా ఉన్నాయి.

"నా బూట్లు సైలస్‌వి. వాడి కాలివేళ్ళ గుంటలు లోపల అలాగే ఉన్నాయి. నా వేళ్ళు వాటిలో సరిపోవు. నా కోటు జెరూషాది. నా మంచం మీకాది. నేను రాసిన కుక్క కూడా నాది కాదు. అమ్మ నా లెక్కల మీద స్టారు అంటించినప్పుడు అది ఎవరిదో నాకు తెలిసేది కాదు. అమ్మ ఎప్పుడూ అడగలేదు. నాకు అందుకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఇంకా ఉంది."

కెతూరా తల వంచుకుని బల్ల చెక్క గోకుతోంది. ట్వైలా ఆగలేదు. లెక్కల కాగితాలు ముందుకు తోసింది. "ఇవీ చూడు. సగం తప్పులు. ఎక్కడ తప్పిందో ఇప్పుడు తనే చెప్పగలదు. నాకు కావలసింది అదే" అంది. ఫారం మీద సంతకం పెట్టి, తేదీ వేసి, లవోన్ చేతికిచ్చింది.

లవోన్ అది మడిచి సంచిలో పెట్టుకుంది. థాంక్స్ చెప్పలేదు. ఏదో ఒకటి చేయాలి కదా చేతులతో, లెక్కల కాగితాలు తన ముందుకు లాక్కుంది. "బాగా రాశారు ఇవి. రెండేళ్ళు పోతే ఆసాకి పనికొస్తాయి" అని గొణిగింది. ఏప్రన్ జేబులో చేయి పెట్టి, గులాబీరంగు రబ్బరు తీసి, మొదటి కాగితం మీద చెరపడం మొదలుపెట్టింది. కావాలని చేసింది కాదు. పదిహేనేళ్ళ అలవాటు, చేయి దానంతటదే పోయింది.

కెతూరా రెండు చేతులూ కాగితం మీద బాదింది. బల్ల మీద గ్లాసులు గలగలలాడాయి.

"చెరపొద్దు!"

"కెతూరా, ఏమిటా గొంతు? చేతులు తియ్."

"తియ్యను! చెరపొద్దన్నానా! ఇవి నావి. తప్పులు కూడా నావే. ఎవరికీ ఇవ్వను!"

ఆ ఇంట్లో ఏ పిల్లా తల్లి మీద అలా అరవలేదు. ఆసా అక్క ముఖం చూసి ఏడుపు మొదలుపెట్టాడు. కెతూరా చేతులు తీయలేదు. ముఖాన ఆ నవ్వు లేదు. మొట్టమొదటిసారి ఆ పిల్ల ముఖం నేను సరిగ్గా చూశాను.

లవోన్ చేతిలో రబ్బరు అలాగే ఉంది. కూతురి చేతుల వంక చూసింది. తరవాత రబ్బరు బల్ల మీద పెట్టింది. ట్వైలా వైపు చూడకుండా అడిగింది.

"ఆసాకి వేరే కాగితాలు రాసిస్తారా, టీచరమ్మా?"

"నేనెందుకు రాస్తాను? నీకు చేతులు పడిపోయాయా?" అని కసిరింది ట్వైలా. కాలితో కుర్చీ లాగి లవోన్ వైపు తోసింది. "కూర్చో. నువ్వే రాస్తావు. ఎలాగో నేను చెప్తాను. కోరీన్, దీనికి కాఫీ పొయ్యి."

లవోన్ కూర్చుంది. దాని దగ్గర పెన్సిల్ లేదు. కెతూరా ఒక చేయి కాగితాల మీద నుంచి తీసి, తన పెన్సిల్ తల్లి ముందుకు జరిపింది. రెండో చేయి మాత్రం తీయలేదు.